పేరు మాత్రం చెప్పండి

గోదావరిఖనిలో పగలు కూడా కాస్త రాత్రి దొరుకుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు పొద్దంతా పడుకోవాలి కనుక ప్రతి ఇంట్లో ఒక గదిలో చీకటిని కట్టేసి ఉంచుతారు. సదయ్య ఇంట్లో ఆ గది వెనక వైపు ఉంది. కిటికీకి నల్ల ప్లాస్టిక్ పట్టా మేకులతో కొట్టి, ముప్పయ్యేళ్ళు ఆయన అందులో పగళ్ళు పడుకున్నాడు. ఆయన రిటైరయ్యాక గది కొడుకు సంపత్‌కు వచ్చింది. అందులో ఒక కంప్యూటర్, ఒక కూలర్ పెట్టి, సంపత్ దాన్ని ఆఫీసు అన్నాడు. తల్లి అనసూర్య మాత్రం “ఆటలర్ర” అనేది.

ఆ అర్రలో సంపత్ రెండేళ్ళుగా ఒక గేమ్ తయారు చేస్తున్నాడు. ఒక్కడే. బాయిలో చిక్కుకుపోయిన మనిషి దారి వెతుక్కుంటూ పైకి రావడం, అదీ ఆట. బాయి అంటే ఇక్కడ బొగ్గుగని.

‘ఒక్కడే’ అన్న మాటను ఊరి మీదికి వదిలినవాడు జశ్వంత్. వాళ్ళ నాన్న భీమవరం నుంచి ఇంజనీరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కొడుక్కి ఒక యూట్యూబ్ చానెల్, ఒక మైకు, ఎవరినైనా పొగడకపోతే నిద్రపట్టని గుణం ఉన్నాయి. “టీమ్ లేదు! ఆఫీసు లేదు! చీకటి గదిలో ఒక్కడే కూర్చుని బొగ్గుగని మొత్తం కట్టేశాడు!” అని వాడు పెట్టిన వీడియోను నాలుగు లక్షల మంది చూశారు. టీ కొట్టు దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళు సంపత్‌తో సెల్ఫీలు దిగారు.

ఆ గని ఎవరు కట్టారో సంపత్‌కు బాగా తెలుసు. గోడలు పోలండువాడెవడో చేసినవి, పండగ తగ్గింపులో కొన్నాడు. నీటి చుక్కల చప్పుడు ఉచితం. నడక ఒక సైనికుడి బొమ్మది, అందుకే ఆటలోని కార్మికులు డ్యూటీకి కవాతు చేస్తూ దిగేవారు. ఎలుకలు కెనడావి, మంచి తిండి తిన్నట్టుంటాయి. కర్రీ పాయింట్ నుంచి నాలుగు కూరలు తెచ్చి, ఇంట్లో గిన్నెల్లోకి మార్చి, పైన కొత్తిమీర చల్లి చుట్టాలకు పెట్టినట్టుంది తన వ్యవహారం అని అతను రోజుకోసారైనా నవ్వుకునేవాడు. కొత్తిమీర మాత్రం తనదే. ఆ సంగతి ఎక్కడైనా ఒట్టేసి చెప్పగలడు.

రెడీమేడ్ సరుకు వాడడంలో తప్పు లేదు. అందరూ వాడతారు. “ఇదంతా నువ్వే చేసినవా అన్నా?” అని ఎవరైనా అడిగినప్పుడు తను చిన్నగా నవ్వి నేల చూసేవాడు కదా, తప్పు అక్కడ మొదలైంది.

ఇప్పుడు ఆ నవ్వుతో పని జరిగేలా లేదు. హైదరాబాద్‌లోని ఒక గేమ్ కంపెనీ నుంచి విద్య అనే ఆమె ఫోన్ చేసింది. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు కాలనీ కమ్యూనిటీ హాల్లో అందరి ముందు ఆట ఆడించి చూపాలి. నచ్చితే అక్కడే ఒప్పందం. “గోడలు, రాళ్ళు ఎక్కడివైనా పరవాలేదండీ. ఆటకు ప్రాణమైన మనిషి మాత్రం మీ చేతి పని కావాలి. మేం అమ్మేది మీ ఒక్కరి కథనే కదా!” అంది.

అలాంటి మనిషి సంపత్ దగ్గర ఉన్నాడు. కానీ అతని చేతి పని కాదు.

నెల కింద ఊరూపేరూ లేని ఒక సైటులో దొరికాడు. అప్పటికి దించుకున్నవాళ్ళ సంఖ్య సున్నా. బొమ్మ కింద తెలుగులో ఒకటే వరుస: ‘వాడుకోండి. పేరు మాత్రం చెప్పండి. — పోశం.’

పేరు చూసి సంపత్‌కు నవ్వొచ్చింది. కంపెనీ కాగితాల్లో తన తండ్రి కూడా పోశమే. ఒకరి పేరు మీద వచ్చిన పనిలో ఇంకొకరు చేరడం ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఉన్నదే, మారుపేరు అంటారు. ఇంటి దగ్గర సదయ్య, బాయి మీద పోశం. అసలు పోశం కమాన్‌పూర్ వైపు మనిషని, చీకటికి భయపడి వారం తిరక్కుండా పారిపోయాడని తండ్రి చెప్పేవాడు. అయినా గల్లీకి నలుగురు పోశంలున్న ఊళ్ళో ఆ పేరు చూసి ఉలిక్కిపడేదేముంది? సంపత్ బొమ్మను దించుకున్నాడు. ఆట చివర పేర్లు వేసే చోట ‘పోశం’ అని రాశాడు. కాసేపు చూశాడు. చెరిపేసి, ‘అంతా: సంపత్’ అని రాసుకున్నాడు.

బొమ్మ ఒక గని కార్మికుడిది. వీపు చూపిస్తూ నిలబడి, పొడవాటి కర్రతో పైకప్పును తడుతుంటాడు. నడుముకు తువ్వాల. కుడికాలి గమ్‌బూటు చీలిపోతే రాగితీగతో నాలుగు చుట్లు చుట్టి కట్టినట్టుంది. నెత్తిన టోపీ ఉంది గానీ టోపీకి లైటు లేదు. చేసినవాడు మరిచిపోయాడనుకుని సంపత్ ఇంకో సరుకులోంచి ఒక లైటు తెచ్చి తగిలించాడు. తెల్లారి తెరిచి చూస్తే లైటు లేదు. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ లేదు. ముఖం చూద్దామని కెమెరాను చుట్టూ తిప్పితే, ఎటు తిప్పినా వీపే కనిపించింది. సంపత్ పట్టించుకోలేదు. అతని ఆటలో లోపాలు కొత్త కావు. ఒకసారి కెనడా ఎలుక గాల్లో ఈత కొట్టింది.

గురువారం మధ్యాహ్నం. బయట ఎండ రేకుల్ని కాలుస్తోంది. లోపల, పట్టా కొట్టిన కిటికీ వెనక, కంప్యూటర్ వెలుగు తప్ప ఇంకేమీ లేదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ సైరన్ కూసింది. కాసేపటికి ధడ్... అని నేల కదిలి, అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. రోజూ ఉండేదే. సంపత్ మౌస్ మీంచి చెయ్యి కూడా తీయలేదు.

వాసన మాత్రం రోజూ ఉండేది కాదు. తడి బొగ్గు. నానిన దుంగ. ఎన్నడూ గాలి మారని చోట ఉండే పాచి వాసన. కూలర్ నీళ్ళు మార్చక పదిరోజులైందని గుర్తొచ్చి, సంపత్ తనను తానే తిట్టుకున్నాడు.

తెర మీద కార్మికుడు కప్పు తడుతున్నాడు.

టక్... టక్... టక్.

హెడ్‌ఫోన్లలో ఆ చప్పుడు ఒక నిమిషం విన్నాక సంపత్‌కు ఒక సంగతి తట్టింది. ఆ కర్రకు తను ఏ చప్పుడూ పెట్టలేదు. పెడదామనుకున్నాడు, నచ్చింది దొరక్క వదిలేశాడు. ఫోల్డర్ తెరిచి చూశాడు. లేదు. హెడ్‌ఫోన్ల వైరు పీకాడు.

టక్... టక్...

చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టాడు.

టక్.

అప్పుడే ఫోన్ మోగింది. జశ్వంత్.

“ఏరా, పొద్దున నువ్వు పంపిన ముక్క చూశాన్రా! ఆ కర్ర పట్టుకున్నోడున్నాడే, అదిరిపోయాడు! ఊపిరి తీస్తుంటే వీపు కదులుతోంది చూడు... ఒళ్ళు జలదరించింది. ఎన్నాళ్ళు పట్టిందిరా వాణ్ణి చెయ్యడానికి?”

సంపత్ నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. “మూడు నెలలు.”

చప్పుడు ఆగింది.

తెర మీద కార్మికుడి చెయ్యి గాల్లో ఆగిపోయి ఉంది. తల కొద్దిగా పక్కకు వంచాడు. వెనక ఎవరో ఏదో అంటే వినేవాడు వంచినట్టు...

“హలో? ఉన్నావా?”

సంపత్ ఫోన్ పెట్టేశాడు. ఆటను ఆపే మీట నొక్కాడు. ఆగలేదు. మళ్ళీ నొక్కాడు. కార్మికుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. తిరగలేదు. వీపుతోనే... ఇంకో అడుగు. తీగ కట్టిన బూటు బురదలోంచి ఊడివచ్చిన చప్పుడు. వీపు తెర సగం నిండింది. ఆ వాసన ఇప్పుడు కూలర్ వైపు నుంచి రావడం లేదు.

తలుపు తెరుచుకుంది. సంపత్ కుర్చీతో సహా ఎగిరిపడ్డాడు.

“ఎవలురా కప్పు కొడుతున్నది?” సదయ్య గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చాయ్ గ్లాసు. “వాకిట్లకు వినబడుతుంది.”

“కంప్యూటర్ల, బాపు. ఆట.”

“డొల్ల సప్పుడది. గట్టి కప్పయితే ఖంగుమంటది. గిది ఊడి పడేది...” అంటూ దగ్గరికొచ్చి, సదయ్య తెరలోకి వంగాడు. ఆయన చూపు కర్ర మీంచి తువ్వాలకు, తువ్వాల మీంచి బూటుకు దిగింది. తీగ చుట్ల దగ్గర ఆగింది.

చాయ్ గ్లాసు కింద పెట్టబోయి, బల్ల అంచు తప్పి, నేల మీద పడింది. ఆయన అటు చూడలేదు.

“గిది నువ్వు చేసినవా?”

“అవు... కాదు బాపు. దించుకున్న.”

“ఎవలిచ్చిండ్రు?”

“ఎవలో. ‘పేరు మాత్రం చెప్పండి, పోశం’ అని రాసి ఉన్నది.”

సదయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు. గుసగుసగా అన్నాడు.

“వాడు పారిపోలేదు బిడ్డా.”

“ఎవలు?”

“పోశం. గా తీగ నేనే కట్టిన. ఎర్రగుంట బాయిల. పొద్దుగాల దిగే ముంగట.”

సంపత్ తెర వైపు చూడకుండా ఉండాలని తండ్రి ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు.

“నాకు అప్పటికి పని లేదు. వాడికి కొత్తగ ఐదు దినాలాయె మస్టర్ల పేరు పడి. పని నేర్చుకుంటే నీకూ ఎక్కడన్న దొరుకుతదని నన్ను దొంగతనంగ ఎంబడి తోల్కపోయిండు. నేను ఎవ్వల లెక్కల లేను. నాకు లైటు గూడ లేదు. లోపలికి పోయినంక నేను వణుకుతుంటె... తన లైటు తీసి నా నెత్తికి పెట్టిండు. ‘నువ్వు పెట్టుకో, నాకు చెవులున్నయి’ అన్నడు. కర్ర పట్టుకొని కప్పు కొట్టుకుంట ముంగటికి పోయిండు.”

“కప్పు పడ్డదా?”

“పడ్డది. వాడు అవుతల. నేను ఇవుతల. నేను ఉరికిన. పైకొచ్చి చెప్దామనే ఉరికిన బిడ్డా, ఒట్టు.” సదయ్య అరచేతులు మోకాళ్ళ మీద రుద్దుకున్నాడు. “దిగేటప్పుడు లైటు తీసుకుంటరు. ఎక్కినంక అప్పజెప్తరు. షిఫ్టు అయినంక లైట్లన్ని వస్తే మనుషులందరు వచ్చినట్టే. ఒక్కటి రాకపోయినా బాయి అంత వెతుకుతరు. నా నెత్తిన వాని లైటు ఉండె. లైట్ల కాడి గుమస్తా నంబరు చూసి, ‘నువ్వేనా పోశం?’ అన్నడు.”

సదయ్య నెత్తి మీద చెయ్యి పెట్టి తడుముకున్నాడు, ఆ లైటు ఇంకా అక్కడే ఉన్నట్టు.

“దొంగతనంగ దిగినవని పోలీసులకిస్తరేమో అని భయమాయె. ‘అవు’ అన్న. లెక్క సరిపాయె. ఇగ ఎవ్వలు వెతుకలె.”

“తర్వాతన్న చెప్పకపోతివా?”

“తెల్లారి వాని పేరు మీదనే దిగిన. గోడ అవుతల కొడుతున్నడు. మూడు దినాలు కొట్టిండు. ఈడ కప్పు మంచిగ లేదు, ఇటు రాకుండ్రని అందర్ని ఆపింది నేనే.” ఆయన తల ఎత్తలేదు. “వాళ్ళ ఊళ్ళె, పారిపోయిండని చెప్పింది నేనే.”

సంపత్‌కు ఏదో అనాలనిపించింది. ఇలాంటి చోట వాడుకోవడానికి ఏ స్టోరులోనూ రెడీమేడ్ మాటలు ఉండవు.

“ఆదివారం నలుగురి ముంగట వాని పేరు చెప్పు,” అన్నాడు సదయ్య. “గంతే అడుగుతుండు. గాడ రాసే ఉన్నది కదా.”

“చెప్తే ఒప్పందం పోతది బాపు. నీ పింఛన్ మీదికి గూడ వస్తదేమో.”

“పోతే పోనీ. నేను ముప్పై ఎనిమిదేండ్లు చెప్పలె. నాకు నోరు రాదు. నీకన్న రావాలె.” ఆయన లేచి కొడుకు భుజం పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది, చెయ్యి మాత్రం చల్లగా ఉంది. “చెప్తవు కదా?”

“చెప్త.”

ఆ మాట సంపత్ మనస్ఫూర్తిగానే అన్నాడు. అప్పుడు తెర వైపు చూస్తే కార్మికుడు తన చోట, గని చివర, ఏమీ ఎరగనట్టు కప్పు తడుతున్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. వేదిక వెనక ‘వన్ మ్యాన్ ఆర్మీ, మన ఖని బిడ్డ’ అని బ్యానర్. అందులో సంపత్ చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆ చేతులు కూడా ఇంకెవరో మోడల్‌వి, జశ్వంత్ అతికించాడు. సదయ్య రాలేదు. “నువ్వు పేరు చెప్పేది నీ అర్రల కూసుండి వింట. మనుషుల నడుమ వినలేను,” అన్నాడు. జశ్వంత్ లైవ్ పెడతాడు కనుక సంపత్ వచ్చేముందు ఇంట్లో కంప్యూటర్‌లో అది తెరిచి, తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాడు.

గోడంత తెర మీద ఆట నడిచింది. ఎలుకలకు పిల్లలు అరిచారు. చివర కార్మికుడు కనిపించేసరికి హాలు నిశ్శబ్దమైంది. టక్... టక్... ముందు వరుసలోని ముసలి కార్మికులు ఒకరినొకరు చూసుకున్నారు.

విద్య మైకు అందుకుంది. ఆమె ముందు బల్ల మీద ఒప్పందం కాగితాలు, పక్కన పెన్ను, క్యాపు తీసే ఉంది.

“అద్భుతం సంపత్ గారూ! అందరి ముందూ ఒక్క మాట చెప్పండి. ఈ మనిషిని చేసింది మీరేనా?”

మైకు చేతికొచ్చింది. పోశం. ఎంత, రెండక్షరాలు, ఒక సున్నా. నాలుక మీద దాకా వచ్చింది. తల్లి మొదటి వరుసలో కొత్త చీర కట్టుకుని కూర్చుంది. “ఆటలర్ర” అన్న మనిషే, పక్కనున్నామెకు “మా పిల్లగాడే” అని చూపిస్తోంది. జశ్వంత్ ఫోన్ ఎత్తి పట్టుకుని, చెప్పరా అన్నట్టు కళ్ళెగరేస్తున్నాడు. రేపు చెప్పొచ్చు అనుకున్నాడు సంపత్. సంతకమయ్యాక, తీరిగ్గా, అందరికీ అర్థమయ్యేలా...

“అవునండీ,” అన్నాడు. “నేనే.”

చప్పట్లు.

ఆ చప్పట్ల మధ్య తెర మీద కార్మికుడు కర్రను గోడకు ఆనించి పెట్టాడు. జాగ్రత్తగా. డ్యూటీ దిగేవాడు పెట్టినట్టు. నడుము తువ్వాల విప్పి మెడ తుడుచుకున్నాడు. పక్కకు తిరిగి, పైకి పోయే దారి పట్టాడు. అది సైనికుడి కవాతు కాదు. అలసిపోయిన మనిషి ఎక్కే నడక. ఒక్కొక్క అడుగు... ఒక్కొక్క అడుగు... తెర దాటిపోయాడు. జనం ఈల వేశారు.

ఖాళీ గని మిగిలింది. కర్ర మిగిలింది.

అప్పుడు గని చివర రాళ్ళ గుట్ట అవుతల నుంచి చప్పుడు మొదలైంది. కర్రది కాదు. వట్టి అరచేతులది. గబగబా... గబగబా... వరస లేకుండా. దమ్ము అందని మనిషి కొట్టినట్టు.

“సౌండ్ చంపేశావ్‌రా!” అన్నాడు జశ్వంత్.

సంపత్ సంతకం పెట్టాడో లేదో తర్వాత అతనికే గుర్తు లేదు. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. అప్పటికి అనసూర్య, పొయ్యి మీద కూర ఉందని, చప్పట్లు కాగానే ఆటోలో వెళ్ళిపోయింది. ఆమెకు చేశాడు. నాలుగోసారికి ఎత్తింది.

“అవ్వా, బాపు ఏడి?”

“ఇంట్లనే. అన్నం తింటుండు. ఏమాయెరా, గట్ల రొప్పుతున్నవ్?”

సంపత్ హాలు మెట్ల మీద కూలబడ్డాడు. నవ్వొచ్చింది. గాల్లో ఈదిన ఎలుకను చూసి భయపడనివాడు, నాలుగు చప్పుళ్ళకు ఇట్లయ్యాడేమిటని తనను తానే ఎగతాళి చేసుకుంటూ బండి తీశాడు. దారి పొడుగునా బాపుకు ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. రేపు చెప్త బాపు. ఎల్లుండి పేపర్ల గూడ ఏయిస్త.

ఇంట్లో మటన్ వాసన. వంటింటి గడప లోపల, వీపు ఇటు పెట్టి, సదయ్య నేల మీద కూర్చుని తింటున్నాడు. అదే బనీను, అదే లుంగీ. నెత్తి మీద అవే తెల్ల వెంట్రుకలు. సంపత్‌కు ప్రాణం లేచొచ్చింది.

“బాపూ...”

తల తిరగలేదు. చెయ్యి మాత్రం కంచంలోంచి నోటికి, నోట్లోంచి కంచంలోకి ఆగకుండా తిరుగుతోంది.

“వచ్చినవా?” గొంతు తండ్రిదే. “మంచిగ చెప్పినవ్.”

అనసూర్య గిన్నె పట్టుకుని సంపత్‌ను పెరట్లోకి లాగింది. గుసగుసగా, సగం నవ్వుతూ, సగం నవ్వలేక అంది: “నాలుగుసార్లు పెట్టిన్రా. తల ఎత్తుతలేడు. సద్దన్నం గూడ ఊడ్చిండు. ఇంకా ఉన్నదా అంటుండు. లైటు ఏసుకుంటె తీసెయ్యమన్నడు, కండ్లు గుచ్చుతున్నయట.”

“వయసు అవ్వా... ఆకలై ఉంటది.”

“ఆకలి సరే...” ఆమె పెరటి గోడ గూటి వైపు చూపించింది.

నిరుడు సదయ్యకు పళ్ళన్నీ పీకించారు. అన్నం తినాలంటే కట్టుడు పళ్ళు పెట్టుకోవాల్సిందే. తీసినప్పుడు నీళ్ళ గ్లాసులో వేసి గూట్లో పెడతాడు. గ్లాసు అక్కడే ఉంది. నీళ్ళు కదలడం లేదు. రెండు వరసలూ అడుగున ఉన్నాయి.

లోపల, వెలుగు తీసేసిన వంటింట్లో, ఎముక కొరికిన చప్పుడయింది. గట్టి బొక్క. ఫట్‌మని విరిగింది.

“అనసూర్యా,” అని పిలిచాడు లోపలి నుంచి. పేరును ఒక్కొక్క అక్షరం రుచి చూస్తున్నట్టు. “పిల్లగాన్ని గూడ రమ్మను. ఎంబడి కూసుండి తిందాం.”